సహజ వాయుప్రసరణ: తిరువూరు ప్రాంతపు గృహనిర్మాణం

యంత్రాల ప్రమేయం లేకుండా, గాలి తాకిడివల్ల ఏర్పడే ఒత్తిడి తేడాలతోనూ, వెచ్చని గాలికీ చల్లని గాలికీ మధ్య ఉండే బరువు తేడాతోనూ బయటి గాలి భవనంలోకి వచ్చి లోపలి గాలి బయటికి పోయే ప్రక్రియను సహజ వాయుప్రసరణ అంటారు. ఇది మనుషుల ఊపిరివల్లా వంటవల్లా పేరుకునే తేమను, పొగను, వాసనలను తొలగించి ఆరోగ్యాన్ని కాపాడుతుంది. ఒంటిమీది చెమటను ఆర్చి శరీరానికి చల్లదనం ఇస్తుంది. పగలంతా ఎండకు కాగిన గోడలనుంచి, పైకప్పునుంచి రాత్రిపూట వేడిని లాగివేస్తుంది. ఈ మూడు పనులకూ కావలసిన గాలి పరిమాణం ఒకటి కాదు, కావలసిన వేళా ఒకటి కాదు. మొదటిదానికి కొద్దిపాటి గాలి రోజంతా వస్తే చాలు. రెండోదానికి మనిషి కూర్చున్న చోటనో పడుకున్న చోటనో వేగంగా కదిలే గాలి కావాలి. మూడోదానికి బయట చల్లబడిన తరువాత మాత్రమే గాలి కావాలి. కిటికీలు ఎన్ని ఎక్కువ ఉంటే ఇల్లు అంత చల్లగా ఉంటుందన్న సాధారణ అభిప్రాయం ఈ తేడాను లెక్కలోకి తీసుకోదు కనుక, ముఖ్యంగా మెట్ట ప్రాంతాల్లో, అది తరచు ఇంటివారికి కష్టమే తెచ్చిపెడుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి తిరువూరు తగిన ప్రదేశం. విజయవాడకు ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, విజయవాడనుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారిమీద ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో కృష్ణా జిల్లానుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. చుట్టూ మామిడి తోటలు, మెట్ట చేలు ఉన్న ఈ ప్రాంతానికి ఒకవైపు కృష్ణా డెల్టా తేమ, మరొకవైపు దక్కను పీఠభూమి పొడివేడి రెండూ తగులుతాయి. దేశాన్ని అయిదు శీతోష్ణ మండలాలుగా విభజించిన నిర్మాణ నియమావళులు కోస్తా ఆంధ్రను వేడి-తేమ మండలంలోనూ, హైదరాబాదును మిశ్రమ మండలంలోనూ చేర్చాయి. మొదటి మండలపు ఇల్లు ఎప్పుడూ తెరుచుకొని ఉండాలని, రెండో మండలపు ఇల్లు వేసవి పగలు మూసుకోగలగాలని నిర్మాణశాస్త్రం చెబుతుంది. తిరువూరులో కట్టే ఇల్లు ఒకే ఏడాదిలో ఈ రెండు పనులూ చేయవలసి వస్తుంది.

గాలి దిక్కులు, రుతువులు

మామిడి పూత పిందెగా మారే రోజులనుంచి ఇక్కడ దక్షిణ, ఆగ్నేయ దిక్కుల గాలి మొదలవుతుంది. బంగాళాఖాతం మీదనుంచి వచ్చే ఈ గాలి తీరగ్రామాలకు మధ్యాహ్నానికే అందుతుంది గాని, సముద్రానికి నూరు కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న తిరువూరు వైపు చేరేసరికి పొద్దు వాలుతుంది, దాని బలమూ తగ్గిపోతుంది. మే నెలలో పడమటినుంచి, వాయవ్యంనుంచి పొడిగాలి వీచిన రోజుల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, వడగాలి అనే ప్రాణాంతకమైన స్థితి ఏర్పడుతుంది. 2015 మే చివరి వారాల్లో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో సుమారు రెండు వేలమంది చనిపోయారు. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక గాలి పడమర, నైరుతి దిక్కులకు మారుతుంది. వేడి కొంత తగ్గినా తేమ పెరగడంవల్ల, వాన తెరిపి ఇచ్చి గాలి స్తంభించిన గంటల్లో ఉక్కపోత వడగాలికంటే ఎక్కువ విసిగిస్తుంది. అక్టోబరు తరువాత ఈశాన్యపు గాలులు, వాటితోపాటు తుపాను రోజుల గాలివానలు వస్తాయి.

కనుక ఇక్కడ గాలి ఎక్కడనుంచి వస్తుందన్న ప్రశ్నతో సమానంగా, అది ఏ వేళ పనికొస్తుందన్న ప్రశ్న కూడా ముఖ్యం. మనిషి చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గది గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు అది కదిలినకొద్దీ హాయి కలుగుతుంది, సెకనుకు ఒక మీటరు వేగం ఉంటే ఉష్ణోగ్రత దాదాపు 3 డిగ్రీలు తగ్గినట్టు శరీరానికి తోస్తుంది. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం కిటికీ తెరిస్తే మాత్రం అదే గాలి గోడలను, మంచాలను, నీళ్ల బిందెలను కూడా వేడెక్కిస్తుంది. రాత్రి చల్లబడవలసిన భారం మరింత పెరుగుతుంది. ఉదయం తొమ్మిది పది గంటల మధ్య కిటికీ రెక్కలు మూసి, పొద్దుగూకాక బయటి గాలి లోపలి గాలికంటే చల్లబడిందని తెలిసినప్పుడు అన్నీ తెరిచే పాత అలవాటు ఈ భౌతిక సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. వానాకాలంలో పద్ధతి మారుతుంది, పగలూ రాత్రీ తెరిచి ఉంచడమే మేలు.

గాలిని కదిలించే రెండు బలాలు

గాలి గోడను తాకిన వైపు ఒత్తిడి పెరుగుతుంది, ఇంటి వెనక వైపూ పక్కలా తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తెరిచిన దారి ఉంటే గాలి ఇంటిగుండా నడుస్తుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో సూటిగా వచ్చే గాలి గోడమీద కలిగించే ఒత్తిడి సుమారు 5 పాస్కళ్లు, అంటే చదరపు మీటరుకు అరకిలో బరువు మోపినంత. రెండో బలం వేడిగాలి తేలికై పైకి పోవడంవల్ల కలుగుతుంది. కింద ఒక ద్వారం, దానికి 3 మీటర్ల పైన మరొక ద్వారం ఉండి, లోపలి గాలి బయటికంటే 5 డిగ్రీలు వేడిగా ఉంటే, ఆ బలం సుమారు అర పాస్కల్ మాత్రమే ఉంటుంది. ఒక అంతస్తు ఇంట్లో గాలి తాకిడితో పోలిస్తే ఇది పదోవంతు మాత్రమే. అందువల్ల పైకప్పు కింద చిన్న వెంటిలేటర్లు పెట్టినంతమాత్రాన గది చల్లబడుతుందన్న ఆశ నెరవేరదు; అవి పైన పేరుకున్న వేడిగాలిని, పొగను కొంత వదిలిస్తాయే గాని, మనిషి కూర్చునే ఎత్తులో గాలిని కదిలించలేవు. అయినా ఆకు కదలని వేసవి రాత్రుల్లో మిగిలే బలం ఈ రెండోదే కనుక, దాన్ని వాడుకోవాలంటే ఎత్తు తేడా ఎక్కువ ఉన్న మెట్లదారి వంటి చోటును ఎంచుకోవాలి.

వేడిగాలి పైకి పోయే గుణాన్ని ఇంటికంటే బాగా వాడుకున్న కట్టడం ఈ ప్రాంతానికి తూర్పున, జంగారెడ్డిగూడెం పరిసరాల్లో కనిపిస్తుంది. వర్జీనియా పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్ నాలుగు గోడల ఎత్తైన గది. దాని నేలమీద పొయ్యినుంచి వచ్చే ఇనుప గొట్టాలు పరిచి ఉంటాయి, గోడల అడుగున గాలి వచ్చే కంతలు, కప్పులో గాలి పోయే తలుపులు ఉంటాయి. ఆకు పసుపు రంగుకు తిరిగే మొదటి దశలో ఈ తలుపులు దాదాపు మూసి ఉంచి లోపలి తేమను నిలుపుతారు. రంగు కుదిరాక వేడి పెంచుతూ కిందివీ పైవీ తెరిచి ఆకులోని నీటిని ఆవిరిగా బయటికి పంపుతారు. చివర ఈనె ఆరే దశలో మళ్లీ మూసుకుంటూ వస్తారు. తలుపు ఏ దశలో ఎంత తెరవాలో తప్పితే ఆకు రంగు మారి ధర పడిపోతుంది కనుక, బ్యారన్ దగ్గర రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండే రైతుకు వాయుప్రసరణను నియంత్రించడం తెలియకపోతే గడవదు. ఈ జిల్లాల్లోనే ఇళ్లు కట్టేటప్పుడు ఆ నైపుణ్యాన్ని ఎవరూ అడగకపోవడం విచారించదగ్గ విషయం.

పాత ఇళ్లు

కోస్తా జిల్లాల్లో కలిగినవారు కట్టుకున్న మండువా లోగిలిలో ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉంటుంది. నాలుగు వైపులా పెంకు కప్పులు లోపలికి వాలి, వాననీరు మండువాలో పడి తూముగుండా బయటికి పోతుంది. స్తంభాలమీద నిలిచిన వసారా మండువా చుట్టూ తిరుగుతుంది, గదుల గుమ్మాలు ఆ వసారాలోకి తెరుచుకుంటాయి. రాత్రి ఆకాశంలోకి వేడి పోగొట్టుకున్న కప్పులమీది గాలి చల్లబడి, బరువెక్కి మండువాలోకి దిగి, గడపలు దాటి గదుల్లోకి పరుచుకుంటుంది. ఉదయం చాలాసేపటివరకు ఎండ మండువా అడుగుకు చేరదు కనుక ఆ చల్లదనం నిలుస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చాక వేడెక్కిన గాలి అక్కడినుంచే పైకి పోతుంది. ఇంకొక మేలు కూడా ఉంది. గాలి ఏ దిక్కునుంచి వచ్చినా మండువా గాలి పోయే దారిగా పనిచేస్తుంది కనుక, ఒకే బయటిగోడ ఉన్న గదికీ రెండోవైపు దొరుకుతుంది. వీధికీ పెరటికీ మధ్య గుమ్మాలను ఒకే వరుసలో నిలిపే పద్ధతి కూడా ఇందుకే ఉపయోగపడింది, వీధి గుమ్మంలో నిలుచుంటే పెరట్లోని బావి కనిపించే ఇళ్లు ఈ జిల్లాల్లో చాలా ఉండేవి.

ఆ ఇళ్ల కిటికీలను కొంచెం దగ్గరగా చూడాలి. చెక్క చట్రంలో నిలువు ఊచలు, వాటి వెనక నాలుగు రెక్కలు, అంటే కింద రెండు, పైన రెండు ఉండేవి. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే వీధి చూపు పడకుండానే గాలి వచ్చేది, రాత్రి కింది రెక్కలు తెరిస్తే చాపమీద పడుకున్నవారి ఒంటికి నేరుగా తగిలేది. కిటికీ అడుగు నేలకు చాలా దగ్గరగా, కొన్ని ఇళ్లలో మూరెడు ఎత్తులోనే ఉండేది. ఆధునిక నియమావళి ఈ విషయంలో చేరుకున్న లెక్క ఆసక్తికరమైనది. భారత జాతీయ నిర్మాణ నియమావళి ప్రకారం కుర్చీలో కూర్చునేవారికి గాలి కావలసిన ఎత్తు 0.75 మీటర్లు, మంచంమీద కూర్చునేవారికి 0.60, నేలమీద కూర్చునేవారికి 0.40 మీటర్లు కాగా, కిటికీ అడుగు ఆ ఎత్తులో 85 శాతం దగ్గర ఉండటం మంచిది. నేలమీదే కూర్చుని, తిని, పడుకున్న కుటుంబాలకు కట్టిన పాత వడ్రంగి కిటికీ ఈ సూత్రానికి లోబడే ఉంది. నేడు అలవాటుగా నేలకు మూడడుగుల ఎత్తున పెట్టే కిటికీనుంచి వచ్చే గాలి, కింద పడుకున్నవారి పైనుంచి వెళ్లిపోతుంది.

సామాన్యుల ఇళ్లకు మండువా లేదు. తాటాకు పాక, కుమ్మరి పెంకు వేసిన ఇల్లు, తరువాతి కాలంలో బంగళా పెంకు ఇల్లు వారి నివాసాలు. పెంకుల సందుల్లోనుంచి, చూరుకూ గోడకూ మధ్య ఖాళీలోనుంచి గాలి ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. తాటాకు ఎండ వేడిని ఇంట్లోకి దిగనివ్వదు. కిటికీ ఒక్కటే ఉన్నా, అసలు లేకపోయినా ఊపిరాడేది. వంట పెరటి వసారాలోనో విడి పాకలోనో జరిగేది కనుక పొగ బాధ కొంత తప్పేది. అయితే నిప్పుకూ గాలివానకూ ఈ ఇళ్లు నిలవలేదు, ఆకు తరచు మార్చవలసి వచ్చేది. అందువల్ల వాటిని వదిలి స్లాబు ఇంటికి మారిన కుటుంబాల నిర్ణయం సబబైనదే. ఆ మార్పులో పోయిన గాలిదారిని మరో రూపంలో తిరిగి కల్పించకపోవడమే లోపం.

డాబా ఇల్లు

ఈ ప్రాంతంలో డాబా అని పిలిచే కాంక్రీటు స్లాబు ఇంటికి సందులు లేవు. పగలంతా ఎండను పీల్చిన స్లాబు సాయంత్రంనుంచి అర్ధరాత్రి దాటేవరకు వేడిని గదిలోకి వదులుతుంది. అందుకే ఫ్యాను వేస్తే వేడిగాలే కొడుతోందని వేసవిలో ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. సీలింగ్ ఫ్యాను బయటి గాలిని తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. కాగిన స్లాబుకు తగిలిన గాలిని కిందికి దించడం తప్ప మూసిన గదిలో అది చేయగలిగింది లేదు. కిటికీలు తెరిచి ఫ్యాను వేసినప్పుడు మాత్రం రెండూ ఒకదానికొకటి తోడ్పడతాయి. స్లాబుమీద సున్నంగాని తెల్లని చలువ పూతగాని వేయడం వాయుప్రసరణ కిందికి రాకపోయినా, గాలిమీద పడే భారాన్ని తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చలువ కప్పుల విధానాన్ని ప్రకటించడానికి ఈ అవసరమే కారణం.

కిటికీ వైశాల్యం గురించి లెక్కలు స్పష్టంగానే ఉన్నాయి. గాలి సూటిగా వచ్చినప్పుడు, వచ్చే దారీ పోయే దారీ సమానంగా ఉంటే, సెకనుకు ప్రవేశించే గాలి పరిమాణం కిటికీ వైశాల్యాన్ని గాలి వేగంతోనూ 0.6తోనూ గుణిస్తే వస్తుంది. గాలి 45 డిగ్రీలు వాలుగా వస్తే ఆ గుణకం 0.3కు పడిపోతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి ఎదురెదురుగా ఒక్కొక్క చదరపు మీటరు తెరిచిన కిటికీలుండి, బయట సెకనుకు 1.5 మీటర్ల చిన్నగాలి వీస్తే, సెకనుకు 0.9 ఘనపు మీటర్ల గాలి వచ్చి, గదిలోని గాలి మొత్తం ఒక నిమిషంలోపే మారిపోతుంది. ఆరోగ్యానికి కావలసినదానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. ఒంటికి తగిలే వేగం విషయం వేరు: వచ్చేవీ పోయేవీ కలిపి ద్వారాల వైశాల్యం నేల వైశాల్యంలో 20 నుంచి 30 శాతం ఉన్నప్పుడు గదిలో సగటు వేగం బయటి వేగంలో సుమారు 30 శాతం ఉంటుందని, కిటికీలు ఎంత పెంచినా అది 40 శాతాన్ని మించడం కష్టమని జాతీయ నియమావళి పేర్కొన్నది. కిటికీ ఉన్న చోటు దాని పరిమాణంకంటే ముఖ్యం కావడానికి కారణం ఇదే. గదికి ఒకే బయటిగోడ ఉంటే ఒక పెద్ద కిటికీకి బదులు దూరదూరంగా రెండు కిటికీలు పెట్టడం, ఎదురెదురు కిటికీలను ఒకే గీతలో కాక కర్ణంగా నిలపడం, గాలి పోయే వైపును చిన్నది చేయకపోవడం, ఖర్చు పెంచకుండానే ఫలితమిచ్చే మార్గాలు.

ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, తెరవగలిగే కిటికీ వైశాల్యం నేల వైశాల్యంలో వేడి-తేమ మండలంలో కనీసం 16.66 శాతం, మిశ్రమ మండలంలో 12.5 శాతం ఉండాలని నిర్దేశించింది. ఇందులో ‘తెరవగలిగే’ అన్న షరతు చాలా విలువైనది. తలుపులా తెరుచుకునే రెక్కల కిటికీలో 90 శాతం దారి దొరుకుతుంది. రెండు పలకలు ఒకదానిమీదికొకటి జరిగే స్లైడింగ్ కిటికీలో సగమే దొరుకుతుంది. 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగుల దారి కావాలని లెక్కతేలినప్పుడు, అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న యూపీవీసీ స్లైడింగ్ కిటికీ పెట్టిన ఇంటివారికి అందేది 10 చదరపు అడుగులే. శుభ్రంగా, ముచ్చటగా ఉంటాయని, రెక్కలు గాలికి కొట్టుకోవని పట్టణాల్లో స్లైడింగ్ కిటికీలు పెట్టించుకుంటున్నారు గాని, వాటివల్ల సగం గాలి పోతున్నదని కొనేముందు చెప్పేవారు అరుదు.

ఇంటి లోపలి అమరిక

గోడలు సరిగ్గా ఉన్నా లోపలి సామాను గాలిని ఆపగలదు. కిటికీ ముందు బట్టల బీరువా, గది మధ్యలో నిలువెత్తు చెక్క అడ్డుగోడ, పొద్దస్తమానం దించి ఉండే మందపు తెరలు, అటకమీదినుంచి వెంటిలేటర్‌దాకా పేర్చిన పెట్టెలు సాధారణంగా కనిపించే అడ్డంకులు. దోమతెరల విషయం మరింత సున్నితమైనది. కిటికీకి బిగించే నూలు వల గాలి వేగాన్ని దాదాపు 70 శాతం, నున్నని నైలాన్ వల సుమారు 35 శాతం తగ్గిస్తాయని పరిశీలనల్లో తేలింది. డెంగీ, మలేరియా భయం ఉన్నచోట దోమతెర తీసేయమనడం న్యాయం కాదు. కిటికీకి బదులు వరండా మొత్తానికి వల బిగిస్తే వల వైశాల్యం పెరిగి, గాలికి తగిలే అడ్డు తగ్గుతుంది. కిటికీపైన గోడకు అతికించి పోసే సన్‌షేడ్ గాలిని కప్పువైపు మళ్లిస్తుంది. గోడకూ సన్‌షేడ్‌కూ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలితే గాలి కిందికి, మనుషులవైపు దిగుతుంది. ఆ సందులోనుంచి వాన జల్లు పడకుండా చూసుకోవడం మేస్త్రీ పనితనంమీద ఆధారపడుతుంది.

ఎయిర్ కూలరు వాడే ఇళ్లలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. తడిపిన గడ్డి పలకలగుండా గాలిని లాగి చల్లబరిచే ఈ యంత్రం ఏసీ తరహాలో మూసిన గదిలో పనిచేయదు. అది పంపిన తేమగాలి బయటికి పోవడానికి ఎదుటివైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉండాలి. మే నెల పొడిగాలిలో తిరువూరులో కూలరు బాగా పనిచేస్తుంది, జూలై తేమలో ఎంత నీరు పోసినా ఉక్కపోతనే పెంచుతుంది. గుమ్మాలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లే పాత పద్ధతి కూడా ఇదే సూత్రంమీద, ఇదే హద్దులో పనిచేసేది.

ఇంటి పథకాన్ని ఇక్కడ ఎక్కువగా నిర్ణయించేది వాస్తు. ఈశాన్యంలో ఖాళీ ఎక్కువ వదిలి, నైరుతిని బరువుగా మూసి ఉంచే నియమం పడమటి ఎండనుంచి గదిని కాపాడుతుంది, వడగాలి రోజుల్లో అది నిజమైన రక్షణే. అయితే దక్షిణపు గోడకు కిటికీలు తగ్గించడంవల్ల వేసవి సాయంత్రాల సముద్రపు గాలికి దారి మూసుకుపోతుంది, నైరుతి మూలనుంచి రావలసిన వానాకాలపు గాలీ తగ్గిపోతుంది. వంటిల్లు ఆగ్నేయంలో ఉన్నప్పుడు జూన్ తరువాత పొగ, వేడి ఇంటిని తాకకుండా బయటికి పోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం గాలి ఆగ్నేయంనుంచే వస్తుంది కనుక పొయ్యి వేడి నడవలోకి చేరుతుంది. వాస్తును పాటించే కుటుంబం దాన్ని వదలకుండానే వంటింటికీ నడవకూ మధ్య తలుపు ఉంచుకోవచ్చు, దక్షిణపు గోడలో వెడల్పు తక్కువైనా ఎత్తు ఎక్కువ ఉన్న కిటికీలు పెట్టుకోవచ్చు.

చెట్టు కూడా ఇంటి అమరికలో భాగమే. మొదలు నున్నగా పెరిగి, కిటికీ ఎత్తుకు పైన గుబురుగా విస్తరించే చెట్టు గాలిని కిందికి వంచి ఇంటివైపు నడిపిస్తుంది. ఇంటిముందు పెంచే మామిడి కొమ్మలు నేలదాకా దిగితే అది గాలికి గోడ అవుతుంది. కింది కొమ్మలు కొట్టి కాండాన్ని నున్నగా ఉంచితే నీడా గాలీ రెండూ దక్కుతాయి.

ఆరోగ్యం

కట్టెల పొయ్యి పొగ ఇళ్లలోని స్త్రీల, పసిపిల్లల ఊపిరితిత్తులకు చేసిన హాని చాలా పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం వంట గ్యాసును విస్తరించి ఆ బాధను తగ్గించాయి. గ్యాసు పొయ్యికీ గాలి కావాలి, దాని మంటనుంచి కూడా హానికర వాయువులు వస్తాయి కనుక కిటికీ లేని వంటిల్లు క్షేమం కాదు.

అంటువ్యాధుల విషయంలో తెలుగునేలకు పాత అనుభవం ఉంది. క్షయకు మందులు లేని రోజుల్లో, 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఏర్పడిన క్షయ చికిత్సాలయం స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, ఆహారం ఆధారంగా రోగులను చూసింది. గాలి క్షయను నయం చేయదని తరువాతి వైద్యం తేల్చినా, అది పక్కవారికి సోకకుండా గాలి తోడ్పడుతుందని రుజువైంది. పెరూ రాజధాని లీమా ఆసుపత్రుల్లో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తలుపులు, కిటికీలు తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారగా, యంత్రాలతో గాలి మార్చే గదుల్లో 12 సార్లే మారింది. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న పాతకాలపు వార్డులు కొత్తవాటికంటే మెరుగ్గా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు సాధారణ వార్డుల్లో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి అందాలని సూచించాయి. చిన్న పట్టణాల ఆసుపత్రులకు, వరండాలున్న పాఠశాలలకు ఈ ప్రమాణాన్ని అందుకోవడం కష్టం కాదు, కిటికీలు మూతపడకుండా చూసే మనిషి ఉంటే చాలు.

హాయిని కొలిచే ప్రమాణం

సహజ గాలితో గడిపేవారు ఎంత వేడిని హాయిగా భరిస్తారన్నదానికి తెలుగు పరిశోధకురాలు ఇంద్రగంటి మాధవి హైదరాబాదులోని అపార్ట్‌మెంట్లలో 2008లో చేసిన క్షేత్రపరిశీలన ముఖ్యమైన ఆధారం. అక్కడివారికి సుమారు 29 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలంగా ఉందని, 26 నుంచి 32.45 డిగ్రీలవరకు వారు సర్దుకోగలిగారని ఆమె కనుగొన్నారు. అప్పటి భారతీయ ప్రమాణాలు చెప్పిన 23-26 డిగ్రీల పరిధికి ఇది చాలా పైన ఉంది. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం రూపొందించగా 2016 జాతీయ నియమావళిలో చేరిన సర్దుబాటు నమూనా కూడా ఈ దారిలోనే సాగింది. దాని ప్రకారం గత 30 రోజుల సగటు బయటి ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలిపితే, సహజ గాలితో నడిచే భవనంలో హాయిగా ఉండే ఉష్ణోగ్రత వస్తుంది. బయటి సగటు 33 డిగ్రీలుంటే అది దాదాపు 30.6 డిగ్రీలు. ఈ లెక్క ఏసీ లేకుండా బతకలేమన్న భావనను చాలావరకు సవరిస్తుంది. అయితే వడగాలి వీచే పది పదిహేను రోజులకు దీన్ని వర్తింపజేసి, వృద్ధులను, పసివాళ్లను, ఎండలో పనిచేసి వచ్చినవాళ్లను గాలితోనే సరిపెట్టుకోమనడం తగదు.

ప్రపంచంలో ఇతర పొడి ప్రాంతాలు వేరే మార్గాలు తొక్కాయి. ఇరాన్‌లోని యజ్ద్ నగరపు గాలి బురుజులు, సింధులోని హైదరాబాదు ఇళ్లమీద ఒకప్పుడు కనిపించిన గాలి గొట్టాలు పైగాలిని పట్టి గదుల్లోకి దించేవి. సింధులో గాలి ఎక్కువగా ఒక దిక్కునుంచే వస్తుంది కనుక గొట్టం నోరు ఒకవైపే ఉంటే సరిపోయింది. రుతువుకొక దిక్కు మారే కృష్ణా మెట్ట ప్రాంతానికి ఆ నమూనా నేరుగా పనికిరాదు. తెలంగాణ రాజధానిలో 2004లో ప్రారంభమైన సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం మధ్యలో ముంగిలి, రెండు గాలి బురుజులు పెట్టుకుని, ఏసీకి పోయే గాలిని ముందుగానే చల్లబరుచుకుంటోంది. ఖర్చుతో కూడిన ఆ పద్ధతి పెద్ద భవనాలకే సాధ్యం.

చిన్న స్థలాలు, కట్టిన ఇళ్ల సవరణ

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పథకం కింద పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చి, 340 చదరపు అడుగుల ఇంటి నమూనాను నిర్ణయించారు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు; అందులో ఇల్లు పోగా పక్కింటికీ దీనికీ మధ్య మిగిలే సందు మనిషి ఒరిగి నడిచేంతే ఉంటుంది. అలాంటి వరుసల్లో ముందున్న ఇల్లు వెనక ఇంటికి గాలినీడ అవుతుంది, పక్కగోడ కిటికీకి పొరుగు గోడే ఎదురవుతుంది. ఇటువంటి కాలనీల్లో ఇంటికి గాలి తెచ్చే అవకాశం వీధి పథకంలోనే ఉంది: వీధులను వేసవి సాయంత్రపు దక్షిణ, ఆగ్నేయ గాలికి వాలుగా వేయడం, ఇళ్లను ఒకే వరుసలో కాక ఒకదాని సందుకు ఎదురుగా మరొకటి వచ్చేలా మార్చి నిలపడం, ముందు గుమ్మానికీ వెనక గుమ్మానికీ మధ్య అడ్డు లేకుండా చూడడం స్థలం పెంచకుండా చేయగలిగిన పనులు. గాలి సూటిగా గోడకు తగలకుండా 30 డిగ్రీలవరకు పక్కకు తిరిగినా ప్రయోజనం తగ్గదని జాతీయ నియమావళి ఒప్పుకుంటుంది కనుక, స్థల విభజన చేసే సర్వేయరుకు ఈ మేరకు వెసులుబాటు ఉంది.

ఇదివరకే కట్టిన డాబా ఇళ్లకు మెట్ల గది మంచి అవకాశం. మేడమీదికి పోయే మెట్లదారి ఇంట్లోనే ఉన్నచోట, పైన ఉన్న చిన్న గదికి రాత్రిపూట తెరిచి ఉంచగల జాలీ తలుపును పెట్టి, కింద పడక గదుల తలుపులను, నేలకు దగ్గరగా ఉన్న కిటికీ రెక్కలను తెరిస్తే, అయిదారు మీటర్ల ఎత్తు తేడావల్ల గాలి లేని రాత్రి కూడా వేడిగాలి మెట్లగుండా పైకి పోయి, దాని స్థానంలోకి పెరటి గాలి వస్తుంది. దొంగల భయం ఉన్న ఇళ్లలో ఈ జాలీని ఇనుప ఊచలతో బిగించి లోపలినుంచి గడియ పెట్టుకోవాలి. వడగాలి పగటి పూట దాన్ని పూర్తిగా మూయగలిగే చెక్క రెక్క కూడా తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే మధ్యాహ్నం మేడమీది కాగిన గాలి అదే దారిన ఇంట్లోకి దిగుతుంది.